కుక్క ఒంట్లో రక్తం విరిగిపోతుంటే: ఆస్పత్రి నుంచి వచ్చాక ఇంట్లో మనం చేయాల్సినవి

ఏప్రిల్ నెలలో ఒకరోజు పొద్దున మా కుక్క బుజ్జమ్మ వాకిట్లో ముగ్గు మీద ఉచ్చ పోసింది. తెల్లటి పిండి మీద పడింది కాబట్టి రంగు బాగా తెలిసింది, అచ్చం కాఫీ డికాక్షన్ రంగు. ముందురోజే అన్నం సగం వదిలేసింది, మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది, తిరుపతి ఎండలు కదా అలిసిపోయిందిలే అనుకున్నాం. పైపెదవి ఎత్తి చూస్తే చిగుళ్లలో ఎరుపే లేదు, పాలిపోయి, అంచుల్లో పసుపు తిరిగి ఉన్నాయి.

దగ్గర్లోని ఒక క్లినిక్‌లో చూపిస్తే కామెర్లన్నారు, లివర్ టానిక్, సెలైన్ ఇచ్చి పంపారు. పక్కింటి అక్క ప్రేమతోనే నేల ఉసిరి పసరు నూరి తెచ్చింది. రెండు రోజులు అలా పోయాయి. మూడోరోజు వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తపరీక్షలో పీసీవీ (రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతం ఉన్నాయో చెప్పే లెక్క) 14 వచ్చింది. కుక్కకి మామూలుగా 37 నుంచి 55 మధ్య ఉండాలి. ఆ రెండు రోజులు ఇంకెవరికీ పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

జబ్బు పేరు ఐఎమ్‌హెచ్‌ఏ (ఇమ్యూన్ మీడియేటెడ్ హీమోలిటిక్ అనీమియా). ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి తన ఎర్ర రక్తకణాలనే పరాయివనుకుని విరగ్గొట్టేస్తుంది. విరిగిన కణాల్లోంచి వచ్చే రంగే ఉచ్చలోకి, చర్మంలోకి, కళ్లలోకి దిగుతుంది. అందుకే పసుపు కనిపిస్తుంది. చాలాసార్లు ఇక్కడ కామెర్లకు మూలం రక్తంలో ఉంటుంది, లివర్‌లో కాదు, కాబట్టి పసరు పోసినా టానిక్ పోసినా విరగడం ఆగదు. ఐరన్ టానిక్ కూడా అంతే. విరిగిన కణాల్లోని ఐరన్ చాలావరకు ఒంట్లోనే ఉండిపోతుంది, కొరత ఐరన్‌ది కాదు. డాక్టర్ చెబితే తప్ప పోయకండి.

ముందు అడగాల్సిన పరీక్షలు

మన చిత్తూరు, తిరుపతి వైపు గోమార్లు (కొన్నిచోట్ల పిడుదులు అంటారు) ఏడాది పొడుగునా ఉంటాయి. అవి కుట్టడం వల్ల వచ్చే బబీసియా, ఎర్లీకియా అనే క్రిములు కూడా ఇలాగే రక్తాన్ని దెబ్బతీస్తాయి, ఒక్కోసారి ఈ జబ్బుకు నిప్పు రాజేసేవి కూడా అవే. అందుకని "గోమార్ల జ్వరం పరీక్ష చేశారా సార్?" అని మీరే అడగండి. బబీసియాకు మందు పడకుండా, ఐఎమ్‌హెచ్‌ఏకి ఇచ్చే, రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్ ఒక్కటే దంచితే అసలు జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది. రక్తం స్లైడ్ మీద చూసినప్పుడు క్రిమి కనపడకపోయినా లేదని కాదు, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలో బయటపడుతుంది. రిపోర్ట్ వచ్చేలోపు చాలామంది డాక్టర్లు డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు, అందులో తప్పేం లేదు.

మా కళ్ల ముందే చేసిన ఒక చిన్న పరీక్ష మాత్రం మరిచిపోలేను. గాజు పలక మీద ఒక చుక్క రక్తం వేసి, సెలైన్ కలిపి డాక్టరమ్మ అటూ ఇటూ వంచింది. నీళ్లలా పారాల్సింది, ఎర్రటి బొంబాయి రవ్వ పోసినట్టు నూకలు నూకలుగా ముద్దకట్టింది. కణాలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయన్నమాట. దీనితోపాటు స్లైడ్ మీద కణాల ఆకారం, ప్లేట్‌లెట్ల లెక్క, బిలిరుబిన్ (ఒంటికి పసుపు తెచ్చే పదార్థం), కడుపు స్కాన్ ఇవన్నీ చూస్తారు. కడుపు స్కాన్ ఎందుకంటే లోపల గడ్డ ఏదైనా ఉండి దానివల్ల వచ్చిందేమో తేల్చుకోవాలి. ఈమధ్య వేసిన సూదులు, మింగించిన మాత్రలు ఏవైనా ఉంటే వాటి పట్టీలు తీసుకెళ్లండి, కొన్ని సల్ఫా మందుల వల్ల కూడా ఇది వస్తుంది. నాణేలు, జింక్ ఉన్న వస్తువులు మింగే అలవాటుంటే అదీ చెప్పండి.

తిరుపతిలో ఉన్నవాళ్లకి వెటర్నరీ కాలేజీ పెద్ద దిక్కు, 1955 నుంచీ ఉంది, ఇప్పుడు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. నగరి, పుత్తూరు వైపు వాళ్లకు చెన్నై కూడా దగ్గరే, అక్కడ వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో జంతువుల రక్తనిధి ఉంది. బయలుదేరే ముందే ఫోన్ చేసి రక్తం ఉందా అని అడగండి. అంతదూరం వెళ్లాక లేదంటే కుక్కకి ఇంకో ప్రయాణం చేసే ఓపిక మిగిలి ఉండదు.

రక్తం ఎక్కించాలంటే

"ఎక్కించిన రక్తాన్ని కూడా విరగ్గొట్టేస్తుంది కదా, ఎందుకు దండగ" అని మాతో అన్నవాళ్లున్నారు. కొంత విరిగే మాట నిజమే. కానీ స్టెరాయిడ్ పనిచేయడానికి రోజులు పడుతుంది, ఆ రోజులు దాటించేది ఈ రక్తమే. ఎక్కించాలా వద్దా అనేది అంకె ఒక్కటే చూసి తేల్చరు, కుక్క ఎంత ఆయాసపడుతోంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది అన్నీ చూస్తారు. డాక్టర్ ఎక్కించాలి అంటే వెనకాడొద్దు.

దాత కుక్క 25 కిలోల పైన ఉండాలి, వయసు 1 నుంచి 8 ఏళ్ల మధ్య, టీకాలన్నీ పడి ఉండాలి, ఒంటి మీద గోమార్లు ఉండకూడదు, అదివరకు తనకు రక్తం ఎక్కించి ఉండకూడదు, బబీసియా, ఎర్లీకియా లేవని పరీక్ష చేయాలి. మాకు చంద్రగిరిలో ఒక స్నేహితుడి లాబ్రడార్ సాయపడింది. మెడ నరంలోంచి 450 ఎంఎల్ తీశారు, ఆ కుక్క ఉడికించిన గుడ్డు తిని తోక ఊపుకుంటూ జీపెక్కింది. క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం మన కుక్కకి సరిపడుతుందో చూసే పరీక్ష) చేయమని అడగండి, రెండోసారి ఎక్కించేటప్పుడైతే అది తప్పనిసరి. ఎక్కుతున్నంతసేపూ పక్కనే కూర్చోండి, ముఖ్యంగా మొదటి అరగంట: ముఖం వాచినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, వాంతి చేసినా, వణికినా వెంటనే పిలవాలి.

మీ వీధిలో, మీ స్నేహితుల్లో పెద్ద కుక్కలు ఎవరికున్నాయో ఇప్పుడే ఒక లెక్క రాసిపెట్టుకోండి. అర్ధరాత్రి ఫోన్లు చేస్తూ వెతకడం ఎంత టెన్షనో మాకు తెలుసు.

మొదటి 2 వారాలు

అన్నిటికంటే ప్రమాదం ఇప్పుడే. మంచి వైద్యం అందినా కొన్ని కుక్కలు ఈ 2 వారాల్లోనే పోతాయి, ఆ మాట దాచి రాయడం నాకు ఇష్టం లేదు. రక్తం తగ్గడం ఒక్కటే అందుకు కారణం కాదు, ఈ జబ్బులో రక్తం గడ్డకట్టేస్తుంది. ఆ గడ్డ వెళ్లి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ఉన్నట్టుండి ఆయాసం వచ్చేస్తుంది. అందుకే క్లోపిడోగ్రెల్ లాంటి మందు కూడా రాస్తారు, స్టెరాయిడ్‌తో సమానంగా దాన్నీ వేళ తప్పకుండా వేయండి. మనుషుల మందుల షాపులో కొనేటప్పుడు ఒక జాగ్రత్త: క్లోపిడోగ్రెల్‌లో ఆస్పిరిన్ కలిపిన మాత్రలు కూడా అదే పేరుతో, చివర్లో ఒక అక్షరం తేడాతో దొరుకుతాయి. పట్టీ వెనక చదివి, రాసిన మందు ఒక్కటే ఉందని చూసుకుని తీసుకోండి.

ఇంట్లో చేయాల్సిన పని ఇదీ. 100 పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి. రోజూ పొద్దున, సాయంత్రం కిటికీ దగ్గర ఒకే చోట, ఒకే వెలుతురులో పెదవి ఎత్తి, పక్కన తెల్ల కాగితం పెట్టి చిగుళ్ల ఫోటో తీయండి. కాగితం ఎందుకంటే రెండు రోజుల ఫోటోలు పక్కపక్కన పెట్టినప్పుడు వెలుతురు తేడానా, రంగు తేడానా అన్నది తెలుస్తుంది. నల్ల చిగుళ్ల కుక్కలైతే కింది కనురెప్ప మెల్లగా లాగి లోపలి రంగు చూడండి. ఉచ్చ పోసేటప్పుడు కింద తెల్ల టిష్యూ పెట్టి రంగు చూడండి. నిద్రపోతున్నప్పుడు ఛాతీ నిమిషానికి ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి, నిద్రలో 30 దాటుతుంటే డాక్టర్‌కి చెప్పాలి. ఏం తిన్నది, వాంతి అయ్యిందా, ఏ మాత్ర ఎన్ని గంటలకి వేశారు, అన్నీ రాయండి. మా ఇంట్లో ముగ్గురం మాత్రలు వేసేవాళ్లం కాబట్టి వేసినవాళ్లు సంతకం పెట్టేలా పెట్టుకున్నాం, ఒకసారి నేనూ మా ఆయనా ఇద్దరం వేయబోయి ఆ సంతకం చూసే ఆగాం.

నడక ఉచ్చకీ దొడ్డికీ మాత్రమే, అదీ తాడు కట్టి. మెట్లెక్కించకండి, ఎత్తుకుని దించండి. మెడకు పట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడండి, రక్తం తీసిన నరాలు మెడలోనే ఉంటాయి. ఒంట్లో ఎర్రకణాలు తక్కువున్నప్పుడు వేడి అసలు తట్టుకోలేదు, మే నెలలో మా ఇంట్లో పొద్దున 6 లోపు, సాయంత్రం 7 తర్వాతే బయటకి. మధ్యాహ్నమంతా నాపరాయి గచ్చు మీద తడిబట్ట పరిచి కూలర్ ముందు పడుకోబెట్టేవాళ్లం.

స్టెరాయిడ్‌తో కాపురం

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదట్లో సాధారణంగా రోజుకు కిలోకు 2 ఎంజీ లెక్కన ఇస్తారు. బుజ్జమ్మ 11 కిలోలు కాబట్టి రోజుకి 20 ఎంజీతో మొదలైంది. పెద్ద కుక్కలకు ఈ లెక్క కంటే తగ్గిస్తారు, కాబట్టి నా అంకె చూసి మీరు వేయకండి. మూడోరోజు నుంచే మా ఇల్లు మారిపోయింది. బక్కెట్లు బక్కెట్లు నీళ్లు తాగడం, గంటకోసారి ఉచ్చ, ఎప్పుడూ ఆకలి, నాలుక బయటపెట్టి రొప్పడం. నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలో తగ్గించకండి. మంచంపక్క పాత దుప్పట్లు, రాత్రి 11కి ఒకసారి, 3కి ఒకసారి బయటకి తీసుకెళ్లడం, అంతే దారి. ఇంట్లో తడిపేస్తే తిట్టకండి, అది మందు చేస్తున్న పని. కొన్ని వారాలకు తలమీద కండ తగ్గి పుర్రె ఎముక తగిలేంతగా సన్నబడింది, పొట్ట ఉబ్బింది, రక్తం తీయడానికి గొరిగిన చోట వెంట్రుకలు మొలవలేదు. అత్తమ్మ దాని తల నిమిరి ఏడ్చింది. మందు తగ్గాక కండ తిరిగొస్తుంది, మా బుజ్జమ్మకి వచ్చింది.

స్టెరాయిడ్ ఖాళీ కడుపున వద్దు, తిండితోనే. మా ఇంట్లో ఇడ్లీ ముక్కే మందు పెట్టె: వేలితో గుంట చేసి, మాత్ర పెట్టి, మూసేసి, ముందు మాత్ర లేని ముక్క, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే మళ్లీ లేనిది. డాక్సీసైక్లిన్ వేశాక తప్పకుండా కాస్త నీళ్లు తాగించండి, గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది. కడుపు పుండుకు వాడే సుక్రాల్ఫేట్ సిరప్ రాస్తే దానికీ మిగతా మాత్రలకీ మధ్య 2 గంటలు వదలండి. రోగనిరోధక శక్తిని అణిచే ఇంకో మందు సైక్లోస్పోరిన్ రాస్తే, అది మాత్రం ఖాళీ కడుపున. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టం, ఫ్రిజ్ తలుపు మీద వేళల కాగితం అంటించండి.

నొప్పి మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు. మెలాక్సికామ్, ఐబుప్రోఫెన్ ఏదైనా సరే, స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారుతుంది. పారాసిటమాల్ కుక్క ఎర్రకణాలనే దెబ్బతీయగలదు. కుంటుతోందని జాలిపడి ఇంట్లో ఉన్న మాత్ర వేసేవాళ్లే ఎక్కువ, అందుకే మళ్లీ చెబుతున్నాను. దొడ్డి తారులా నల్లగా వస్తే ఆ రోజే ఆస్పత్రికి.

స్టెరాయిడ్ ఒక్కటే చాలకపోతే, లేదా దాన్ని త్వరగా తగ్గించాలనుకుంటే రెండో మందు కలుపుతారు, మైకోఫినోలేట్ గానీ అజాథియోప్రిన్ గానీ. వీటిని విరవకండి, నూరకండి, చేతికి గ్లౌజులు వేసుకునే ముట్టుకోండి. కడుపుతో ఉన్నవాళ్లు వీటి జోలికి రాకూడదు, ఆ కుక్క ఉచ్చా దొడ్డీ కూడా వాళ్లు ఎత్తకూడదు. మైకోఫినోలేట్‌తో విరేచనాలు, అజాథియోప్రిన్‌తో లివర్ తేడా రావచ్చు, అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్ష అడుగుతారు, దండగ ఖర్చని మానేయకండి.

ఖర్చు సంగతి మొదటి రోజే డాక్టర్‌తో దాపరికం లేకుండా మాట్లాడండి, ఎన్ని నెలలు, ఎన్ని పరీక్షలు అని. ప్రెడ్నిసోలోన్, క్లోపిడోగ్రెల్ లాంటివి జన ఔషధి దుకాణాల్లో తక్కువకు దొరుకుతాయి. ఎప్పుడూ 2 వారాల మందు ఇంట్లో ఉండాలి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు మాకు మైకోఫినోలేట్ ఒక్క పూటకే మిగిలింది, ఊరంతా జనం, దారులు మళ్లించారు, మా ఆయన బైక్ వదిలేసి నడుచుకుంటూ మూడు షాపులు తిరిగి తెచ్చాడు.

ఏం పెట్టాలి

ఉడికించిన చికెన్, గుడ్డు, అన్నం, గుమ్మడికాయ, రాగిసంగటి ముద్ద, ఉప్పూ మసాలా లేకుండా. పచ్చి మాంసం వద్దు, మందులు రోగనిరోధక శక్తిని అణిచిపెట్టి ఉంచాయి కదా, మామూలప్పుడు ఏమీ చేయని క్రిములు కూడా ఇప్పుడు చేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి మామూలు కుక్కకే ఎర్రకణాలు విరగ్గొడతాయి, దీనికైతే విషమే. ముక్కలు ఏరేసి సాంబారు అన్నం పెట్టడం అత్తమ్మకు ఏళ్ల అలవాటు, సారం నీళ్లలో దిగిపోయి ఉంటుందని చెప్పాక మానేసింది. తిరుపతి ఇళ్లలో ఇంకొకటుంది. ఎవరు కొండకెళ్లొచ్చినా లడ్డు వస్తుంది, ప్రసాదం కదా అని కుక్కకీ ఇంత పెడతారు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది, అంత నెయ్యి కూడా స్టెరాయిడ్ మీదున్న కుక్కకి మంచిది కాదు. కళ్లకద్దుకుని మనమే తిందాం.

ప్లేట్‌లెట్ల మీద పడితే

ఇదే గొడవ ఎర్రకణాల మీద కాకుండా ప్లేట్‌లెట్ల మీద పడితే పొట్ట కింద చర్మంలో గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు, ముక్కులోంచి, చిగుళ్లలోంచి రక్తం. ఎర్లీకియా కూడా ఇలాగే చేస్తుంది, మన ఊళ్లో ముందు అది లేదని తేల్చాలి. ఎముకలు, గట్టి బొమ్మలు తీసేయండి, మెత్తటి తిండి పెట్టండి, వేరే కుక్కలతో ఆడనివ్వకండి. డెంగ్యూలో లాగా బొప్పాయి ఆకు రసం పోయమని నలుగురూ చెబుతారు. దాన్ని నమ్ముకుని అసలు మందు ఆలస్యం చేయకండి.

మందు తగ్గించేటప్పుడు

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇక్కడుంది. మూడు వారాలకు కుక్క గేటు దగ్గరికి పరిగెత్తి మొరుగుతుంది, చిగుళ్లు గులాబీ రంగుకొస్తాయి, ఇక తగ్గిపోయిందనిపిస్తుంది. ఆస్పత్రి బెంచీ మీద మా పక్కన కూర్చున్న పాకాల పెద్దాయన కుక్క అలాగే 20వ రోజుకి లేచి తిరిగిందట, ఇంక మాత్రలెందుకని ఆపేశాడట. పది రోజులకి మళ్లీ చిగుళ్లు తెల్లబడ్డ కుక్కని ఒళ్లో పెట్టుకుని, "నాకు ఎవురూ చెప్పలేదు నాయనా" అంటూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబడటమే కాదు, అన్ని రోజులు బయటి నుంచి స్టెరాయిడ్ అందిన ఒళ్లు తనకు తానుగా తయారుచేసుకోవడం మానేసి ఉంటుంది, కుక్క కుప్పకూలిపోవచ్చు.

తగ్గించే పద్ధతి సుమారుగా ఇలా ఉంటుంది: పీసీవీ 30 పైకి వచ్చి 2 వారాలు నిలకడగా ఉన్నాక డోసులో పావు వంతు తగ్గిస్తారు, 2, 3 వారాలకు మళ్లీ పరీక్ష, నిలిచి ఉంటే ఇంకో పావు. మాకు 20 నుంచి 15కి, తర్వాత 10కి, అలా దిగుతూ వచ్చింది. మొత్తం వైద్యం 4 నుంచి 8 నెలలు పట్టడం మామూలే. ప్రతిసారీ తగ్గించే ముందు పరీక్ష, తగ్గించాక పరీక్ష. కుక్క హుషారు చూసి పరీక్ష ఎగ్గొట్టకండి, పీసీవీ మెల్లగా పడుతుంటే కుక్క అలవాటుపడిపోయి బయటకి మామూలుగానే తిరుగుతుంది. మా బుజ్జమ్మ మూడో తగ్గింపు తర్వాత 38 నుంచి 31కి పడింది, ఆ రోజు కూడా బంతి నోట్లో పెట్టుకునే ఆస్పత్రికొచ్చింది. ఒక మెట్టు వెనక్కి వెళ్లి, నెల ఆగి మళ్లీ దిగాం.

ఈ నెలల్లో గోమార్లను ఇంట్లోకి రానివ్వకూడదు. ఫ్లూరలానర్ మాత్ర ఒకటి వేస్తే సుమారు 12 వారాలు, అఫాక్సోలానర్ అయితే నెల పనిచేస్తాయి, ఏది వేయాలో మీ డాక్టర్‌నే అడగండి. కుక్క ఒంటి మీద కనపడేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, గడప కింద, పాత చాపల్లో గుడ్లు పెట్టి ఉంటాయి, పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి, పరుపులు వేడినీళ్లతో ఉతకండి. పశువుల మీద కొట్టే మందు కుక్కకి పూయకండి. టీకాల సంగతి, రేబీస్‌తో సహా, ఎప్పుడు ఏది వేయాలో ఈ జబ్బు చూసిన డాక్టరే చెప్పాలి. క్యాంపులో ఉచితంగా వేస్తున్నారని తీసుకెళ్లి వేయించకండి.

మందులన్నీ ఆపేశాక కూడా కొన్ని నెలలు పీసీవీ చూపిస్తూ ఉండండి, కొన్ని కుక్కల్లో ఇది మళ్లీ వస్తుంది. చిగుళ్ల ఫోటో వారానికి ఒకసారైనా తీస్తూ ఉండండి, మా ఫోన్‌లో ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఒకటి చేరుతుంది. ఉచ్చ డికాక్షన్ రంగుకి తిరిగినా, చిగుళ్లు పాలిపోయినా, నిద్రలో ఆయాసపడినా, వెనక కాళ్లు ఉన్నట్టుండి చల్లబడి పడిపోయినా, తెల్లారేదాకా ఆగకండి. నోట్‌బుక్ చంకలో పెట్టుకుని అప్పుడే బయలుదేరండి.